రెండో ముఖం కనిపిస్తే

ఆ ఉదయం ఆ గదిలో ఉన్నవి ఇవి. గోడకు బిగించిన టచ్‌స్క్రీన్ యంత్రం ఒకటి, దాని నెత్తిన కెమెరా. స్టెబిలైజర్. ఇన్వర్టర్, దాని మీద ఎవరో అప్పటికే ఆరేసిన తువ్వాలు. ఎర్ర రిబ్బను. రిబ్బను కత్తిరించడానికి తెప్పించి, ఖైదీలున్న చోట కత్తెర ఉండరాదన్న నిబంధన గుర్తొచ్చి వెనక్కి పంపేయగా మిగిలిన ఖాళీ పళ్ళెం. ఇంకా రాని పై అధికారి కోసం వేసిన మెత్తటి కుర్చీ. మహిళా బ్యారక్ హెడ్ వార్డరమ్మ. యంత్రం ముందు స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక తల్లి. నేను. గుమ్మం దగ్గర సుద్దముక్కతో గీసిన గీతకు అవతల, బ్యారక్‌లోని మిగతా ఆడవాళ్ళందరూ.

నేనిప్పుడు పాలిటెక్నిక్‌లో ల్యాబ్ చూసుకుంటున్నాను. ఫైనలియర్ పిల్లలు ఏటా అడుగుతారు: "సార్, ఫీల్డులో మీరు చేసిన పెద్ద ప్రాజెక్టు ఏది?" వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే ముందు రిటైర్ కావాలంటారు. నేనూ అయ్యాను, ఇరవై తొమ్మిదో ఏట. కాంట్రాక్టు ఉద్యోగాల్లో దాన్ని 'రెన్యువల్ కాలేదు' అంటారు. శాలువా, పూలదండ ఉండవు. ఐడీ కార్డు మాత్రం తిరిగి ఇచ్చేయాలి.

మా కంపెనీ జైళ్ళకు వీడియో ములాఖత్ యంత్రాలు అమ్మేది. ఖైదీ లోపల కూర్చుంటుంది, ఇంటివాళ్ళు తమ ఊరి సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుంటారు, ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఇందులో కష్టమేమీ లేదు. కష్టమంతా దానికి జోడించిన నిబంధనలో ఉంది. ఖైదీలు గుంపులు కట్టకుండా చూడాలని ఒక కమిటీ సిఫారసు చేసింది. అందువల్ల కెమెరాలో ఖైదీ ముఖం కాక రెండో ముఖం కనిపిస్తే కాల్ దానంతటదే తెగిపోవాలి. ఒక ఖైదీకి నెలకు మూడు ప్రయత్నాలు. మూడూ అయిపోతే మళ్ళీ వచ్చే నెలే. ఈ నిబంధన ఖైదీ వైపు మాత్రమే. అవతలి వైపు ఊరంతా వచ్చి నిలబడినా యంత్రానికి అభ్యంతరం లేదు. స్పెసిఫికేషన్ కాగితంలో ఈ సౌకర్యం పేరు 'అనవసర సాన్నిహిత్య నివారణ'.

ఆ కమిటీ ఏ జైల్లో కూర్చుని ఆలోచించిందో నాకు తెలియదు. మహిళా బ్యారక్‌లో మాత్రం కాదు.

మగవాళ్ళ వైపు ములాఖత్ రోజున గేటు బయట తిరునాళ్ళలా ఉండేది. తల్లులు, పెళ్ళాలు, అక్కచెల్లెళ్ళు, టిఫిన్ క్యారియర్లు. ఆడవాళ్ళ వైపు గేటు తాళం తుప్పు పట్టకుండా వార్డరమ్మ నూనె వేస్తూ ఉండేది. మగవాడు జైలుకు పోతే భార్య బస్సెక్కి వస్తుంది. భార్య జైలుకు పోతే భర్త సంబంధాలు చూసుకుంటాడు. అందుకని ఇక్కడ వాళ్ళదొక పద్ధతి ఉంది. ఎవరికి చుట్టం వచ్చినా ఆ చుట్టం అందరిదీ. బత్తలపల్లె నుంచి ఒకామె తల్లి వస్తే, ములాఖత్ గది ఇనప జల్లెడ అవతల నిలబడిన ఆ ముసలమ్మను అందరూ వంతులవారీగా పలకరిస్తారు. వానలు పడినాయా, చెనక్కాయలు ఏసినారా, మా ఊరి మీదుగానే కదా బస్సు, మా ఇంటి తలుపు తీసుండాదో ఏసుండాదో చూసి చెప్తావా. వచ్చిన ముసలమ్మ కూతురితో ఎంతసేపు మాట్లాడేదో వాళ్ళతోనూ అంతసేపు మాట్లాడేది.

కోర్టుకు పోయే చీర కూడా ఉమ్మడిదే. పెద్దింటామె ఒకావిడ ఉండేది. ఎన్నికల నాటి గొడవలో ఇరుక్కుని వచ్చింది. ఆమె దగ్గర అంచున్న నేతచీర ఒకటి ఉండేది. ఎవరికి వాయిదా ఉంటే ఆ రోజు వాళ్ళు అది కట్టుకుని పోవాలి. "నాకంటే ఆ చీరే కోర్టుకు ఎక్కువ పోయింటాది," అనేది ఆమె. "జడ్జిసారు చీరకు బెయిలిస్తాడేమో సూడాల."

ఎవరు ఏ కేసులో వచ్చారో నేను అడగలేదు. వాళ్ళు కూడా ఒకరినొకరు అడిగినట్టు కనిపించలేదు. కొత్తగా వచ్చిన మనిషిని అడిగేది ఒక్కటే: "నీకోసరం ఎవురన్నా వస్తారా?"

నేను యంత్రం బిగించడానికి వెళ్ళిన మొదటి రోజు, శింగనమల వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె గీతకు అవతల గొంతుక్కూర్చుని నా పని చూసింది. బయట గొర్రెలు మేపుకునేదట. అందరూ పెద్దవ్వ అంటారు.

"ఏ ఊరప్పా మనది?"

"బత్తలపల్లె."

"ఆడికి మా చెల్లెలి కూతుర్ని ఇచ్చినాం. అట్లయితే నువ్వు మాకు అల్లుడివే."

ఖైదీలతో బంధుత్వం కలుపుకోకూడదని నా ఒప్పందంలో ఎక్కడా లేదు. మధ్యాహ్నానికి నేను బ్యారక్ మొత్తానికీ అల్లుణ్ణయ్యాను. ఒక్క పెద్దింటామె మాత్రం 'ఏమబ్బీ' అనేది. బయటయితే పెద్దవ్వ ఆమె ఇంటి అరుగు దాటి లోపలికి అడుగు పెట్టగలిగేది కాదు. ఇక్కడ ఇద్దరి పరుపులూ పక్కపక్కనే. పెద్దవ్వకు చేతులు పైకి లేవవు కనుక రోజూ ఆమె తల దువ్వేది పెద్దింటామే. జడ వంకరపోయిందని రోజూ తిట్లు తినేదీ ఆమే.

మొదటి ట్రయల్ కాల్ పెద్దింటామె కొడుకుతో చేశాం. ఆమె కూర్చుంది. అటు కొడుకు కనిపించగానే, వీళ్ళ పద్ధతి ప్రకారం అందరూ వెనక చేరారు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: 'అనధికార ముఖం. కాల్ ముగించబడింది.'

"ఏమైందబ్బీ?"

"వెనక మనుషులు కనపడితే కట్ అయిపోతుందమ్మా."

"నీ కొడుకు మొకం చూసి జడుసుకుండాదిలే మిషిను," అంది పెద్దవ్వ.

"నీ మొకం చూసి. ఇంతసేపూ బాగానే ఉన్నిందే."

ఆ వారం ఒక్క కాల్ కూడా పూర్తి కాలేదు. నేను మా మేనేజర్‌కు ఫోన్ చేసి, ముఖాల పరిమితి పెంచితే తప్ప యంత్రం పనికిరాదని చెప్పాను. ఆయన శాంతంగా విన్నాడు. "కాల్ తెగుతోందా?" అన్నాడు. తెగుతోందన్నాను. "అయితే పనిచేస్తోంది కదా," అన్నాడు.

ఇక స్టూలు మీద కూర్చున్న ఆ తల్లి సంగతి. నల్లమాడ దగ్గర పల్లె ఆమెది. జైలుకు వచ్చినప్పుడు చంకలో పసిపిల్ల. ఆరేళ్ళు వచ్చేదాకా పిల్లలు తల్లి దగ్గర ఉండవచ్చు. ఆ పిల్ల అలాగే లోపల పెరిగింది. పెద్దవ్వ ఆ పిల్లకూ పెద్దవ్వే. పెద్దింటామె జేజి. బత్తలపల్లె అమ్మాయి చిన్నమ్మ. నడవడం జేజి నేర్పింది, బూతులు పెద్దవ్వ నేర్పింది, అఆలు చిన్నమ్మ నేర్పింది. ఆరేళ్ళు నిండగానే నిబంధన ప్రకారం అమ్మమ్మ వచ్చి తీసుకుపోయింది.

ఊరికి పోయిన పిల్ల మాట్లాడడం మానేసింది. అమ్మమ్మతో లేదు, బడిలో లేదు, ఎవరితోనూ లేదు. ఒకసారి, తనిఖీ అని మిగతావాళ్ళను బ్యారక్ దాటనివ్వని రోజున, ములాఖత్‌కు తీసుకొచ్చినప్పుడు కూడా జల్లెడ అవతల తల్లిని చూసి, అటూ ఇటూ చూసి, ముఖం తిప్పేసుకుందట. బడిలో అయ్యవారు పిల్ల మూగదని తేల్చాడు. సచివాలయం వాళ్ళు జిల్లా దాటి ఎక్కడో ఉన్న మూగపిల్లల హాస్టల్‌కు పంపడానికి కాగితాలు సిద్ధం చేశారు. అమ్మమ్మ కూలి మనిషి. చదువుతో పాటు కూడూ గుడ్డా ఇస్తారంటే ఆమె కాదనే స్థితిలో లేదు. వేలిముద్ర వేయడమే మిగిలింది. ప్రారంభోత్సవం రోజు ఎలాగూ కాల్ కోసం సచివాలయానికి వస్తుంది కనుక ఆ పని కూడా అక్కడే కానిచ్చేద్దామన్నారు.

ఈ సంగతి బ్యారక్ అంతటికీ తెలుసు. ఈ కాల్‌లో పిల్ల నోరు విప్పితే హాస్టల్ తప్పుతుంది. విప్పకపోతే, తల్లి కేసు తేలేలోపు పిల్ల ఎక్కడో సైగలు నేర్చుకుంటుంది.

"మీరు చెప్పకపోయారా, పిల్ల మాట్లాడేదని?" అని వార్డరమ్మను అడిగాను.

"చెప్పినా సార్. ఆ పిల్ల వాగుడికి నేను చెవుల్లో దూది పెట్టుకుంటి. జైలోళ్ళ మాట ఎవురు నమ్ముతారు?"

ప్రారంభోత్సవానికి ఈ తల్లినే ఎందుకు ఎంచుకున్నారంటే, తల్లీబిడ్డల ఫోటో పేపర్లో బాగుంటుందని. గదిలోకి ఇంకెవరూ రాకూడదని ఆదేశం. గీత అందుకే.

"గీత దాటకుండా తొంగిచూస్తే?" అన్నాను.

"తొంగిచూడొద్దని ఆర్డర్లో లేదు," అంది వార్డరమ్మ.

పై అధికారి ముగ్గురు పేపర్ ఫోటోగ్రాఫర్లతో వచ్చారు. రిబ్బను ముడి లాగారు. అది బిగుసుకుంది. వార్డరమ్మ పళ్ళతో విప్పింది. తర్వాత ఆయన మాట్లాడారు. ఖైదీలను పీడించే అసలు శిక్ష ఒంటరితనమని, దాన్ని ఈ యంత్రం పారదోలుతుందని అన్నారు. అంటున్నంతసేపూ గీత అవతల అందరూ ఒకరి భుజం మీద ఒకరు గడ్డాలు ఆనించి విన్నారు.

కాల్ కలిపాను. సచివాలయం గది కనిపించింది. మధ్యలో పిల్ల, పక్కన అమ్మమ్మ, వెనక ఒక ఉద్యోగిని, ఆమె చేతిలో కాగితం, ఇంకుప్యాడ్.

"అమ్మీ, బాగుండావా? సద్ది తిన్న్యావా?" అంది తల్లి.

పిల్ల తల్లిని చూసింది. తల్లి భుజం పక్కనుంచి వెనకున్న సున్నం గోడను చూసింది. ఏమీ అనలేదు.

"చూసినారా మేడమ్," అంది అటువైపు అమ్మమ్మ. "కన్నతల్లి కనపడినా పలకల్యా."

గీత దగ్గర ఉండబట్టలేక పెద్దవ్వ మెడ చాచింది. "ఏమే బుడ్డీ..."

అనధికార ముఖం. కాల్ ముగించబడింది.

"నెట్‌వర్క్ సమస్యా?" అన్నారు అధికారి.

"కాదు సార్. నిబంధన."

ఆయన తల ఊపి, పెద్దవ్వ వైపు కోపంగా చూశారు. రెండోసారి కలిపాను. ఇంతలో ఒక ఫోటోగ్రాఫర్, "సార్, మీరు పాపతో మాట్లాడుతున్నట్టు ఒకటి," అన్నాడు. అధికారి చొక్కా సర్దుకుని, తల్లి పక్కన వంగి, తెర వైపు చెయ్యి ఊపారు.

అనధికార ముఖం. కాల్ ముగించబడింది.

యంత్రానికి హోదా తెలియదు. గుమ్మంలోంచి పెద్దింటామె గొంతు వినిపించింది: "మన మొకాలే అనుకుంటిమి. అందురికీ ఒగటే మర్యాద."

"దీన్ని ఆపెయ్యలేవా?" అన్నారు అధికారి నాతో.

"హెడ్డాఫీస్ నుంచి అనుమతి కావాలి సార్. మీ కమిటీ నుంచి కూడా."

"కమిటీలో ఎవరున్నారు?"

ఎవరెవరున్నారో కాగితంలో ఉంది. మొదటి పేరు ఆయనదే. చూపించాను. ఆయన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నారు.

మూడోసారి, అంటే ఆఖరిసారి, కలిపాను. తల్లి ఏదేదో అడిగింది. మేకపిల్ల ఎట్లుంది, జుట్టెవరు దువ్వుతున్నారు, బడికి పోతున్నావా. పిల్ల పెదవులు బిగించి సున్నం గోడనే వెతుకుతోంది. ఉద్యోగిని మెల్లగా అంది: "అవ్వా, వెయ్యి ఇంక." అమ్మమ్మ బొటనవేలు ఇంకులో అద్దింది.

అది ఇటువైపు అందరికీ కనిపించింది. గీత ఎవరు ముందు దాటారో నాకు తెలియదు. నేను యంత్రం వైపు చూస్తున్నాను. వెనక అడుగుల చప్పుడు, గాజుల చప్పుడు. "వద్దు, రావద్దు," అంటూ వెనక్కి తిరిగాను. అదే సమయంలో, ఖైదీలు దూసుకొస్తున్న దృశ్యం దొరికిందన్న ఆనందంతో ముగ్గురు ఫోటోగ్రాఫర్లూ కెమెరాలు అటు తిప్పారు. ఫ్లాష్ వెలిగింది.

పిల్లలూ, మీరు టీవీలో చూసే ఉంటారు. పోలీసులు ఎవరినైనా పట్టుకుని విలేకరుల ముందు నిలబెడితే, ఆడవాళ్ళు కొంగు లాగి ముఖం మొత్తం కప్పుకుంటారు. ఆ బ్యారక్‌లో ప్రతి ఒక్కరూ జీవితంలో ఒక్కసారైనా అలా నిలబడినవాళ్ళే. కెమెరా వెలుగు పడగానే, ఎవరూ చెప్పకుండానే, అందరి కొంగులూ ఒక్కసారిగా ముఖాల మీదికి వచ్చాయి. ఆ తోపులాటలోనే వచ్చి తల్లి చుట్టూ నిలబడ్డారు.

నేను ఎర్ర అక్షరాల కోసం చూశాను. రాలేదు. ఇంకా చూశాను. తెర మీద తల్లి ముఖం చుట్టూ ఆకుపచ్చ చతురస్రం నిలకడగా ఉంది. మిగిలినవాళ్ళు యంత్రం లెక్కలో బట్టలు. అంతే.

కొంగు లోపలి నుంచి పెద్దవ్వ అడిగింది: "ఏమప్పా అల్లుడా, ఇంకా కట్టు కాలేదే?"

"దానికి ముఖాలు కనపడలేదవ్వా."

కొంగులన్నీ ఆమె వైపు తిరిగాయి. తర్వాత ఆమె, ఎక్కడా గొంతు పెంచకుండా, అందరికీ వినిపించేలా అంది: "ఒసే, ఎవురూ కొంగు తీయాకండి. ఊపిరాడకపోతే సావండి గానీ తీయాకండి."

తెరలో పిల్ల కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చింది. ఆమె ముక్కు మాత్రమే కనిపించేంత దగ్గరికి.

"అమ్మని ఒగదాన్నే యాడన్నా పెట్టినారనుకుంటి," అంది.

ఒక్క మాట కూడా తొట్రుపడకుండా అంది. అవతల అమ్మమ్మ ఇంకు వేలును గాల్లోనే నిలిపింది.

"యాడా పెట్టలేదు, ఈడే ఉండాది," అంది ఒక కొంగు.

"పెద్దవ్వ," అంది పిల్ల.

"నేనెవురో చెప్పు?" అంది ఇంకో కొంగు.

"జేజి. నీకు దగ్గు తగ్గల్యా?"

"మరి నేను?" అని మూడో కొంగు సన్నగా కీచుమంది.

"నువ్వు చిన్నమ్మవి. దొంగగొంతు పెట్టొద్దు." పిల్ల కనుబొమలు ముడిచింది. "మొకాలు యాల మూసుకున్నారు? మళ్ళా పోలీసోళ్ళు వచ్చినారా?"

కొంగు ఇంకాస్త కిందికి లాక్కుని పెద్దింటామె అంది: "పేపరోళ్ళు వచ్చినారు లేవే."

"వాళ్ళని పొమ్మను."

ఫోటోగ్రాఫర్లు అధికారి వైపు చూశారు. ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నారు. వాళ్ళు కెమెరాలు దించారు.

ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. అది నేను రాయలేను, ఎవరి మాట ఎవరిదో నాకే తెలియలేదు. పిల్లకు మాత్రం తెలిసింది. బడిలో అయ్యవారు తనను మూగదని అంటున్నాడని చెప్పింది. దానికి పెద్దవ్వ అయ్యవారి గురించి ఒక మాట అంది. పిల్ల ఆ మాటనే స్పష్టంగా తిరిగి అంది. ఉద్యోగిని కాగితాన్ని ఇంకుప్యాడ్ కింద పెట్టేసి, "వేలు తుడుచుకో అవ్వా," అని తన చేతిరుమాలు ఇచ్చింది.

"ఇన్ని మాటలు లోపల పెట్టుకోని ఇన్నాళ్ళూ నన్ను సంపుతివి గదే," అంది అమ్మమ్మ వేలు తుడుచుకుంటూ. ఏడుస్తోందో తిడుతోందో తెలియలేదు.

తల్లి మాత్రం ఇంకేమీ అడగలేదు. చుట్టూ ఉన్న కొంగుల మధ్య కూర్చుని, తెర వైపు చూస్తూ, తన వంతు రావడం కోసం కాచుకుని ఉంది.

మరునాడు పేపర్లో వార్త వచ్చింది. యంత్రం మహిమ వల్ల మూగ పాపకు మాట వచ్చిందని. పై అధికారి విలేకరులతో అన్నదీ అదే. ఫోటోలో తల్లి, తెరలో పిల్ల, పక్కన చెయ్యి ఊపుతున్న అధికారి. ఆయన చెయ్యి ఊపిన కాల్ తెగిపోయిందన్న సంగతి ఫోటోకు తెలియదు. మా కంపెనీ ఆ పేజీని ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో పెట్టింది.

ఆ యంత్రాన్ని ఆడవాళ్ళు తర్వాత కూడా వాడుకున్నారు, అలాగే. ఎవరికి కాల్ వస్తే వాళ్ళు ముఖంతో కూర్చునేవారు, మిగతావాళ్ళు కొంగులతో నిలబడేవారు. పెద్దింటామె కొడుకు మొదట భయపడ్డాడట, తర్వాత అలవాటు పడి ఒక్కొక్కరినీ అడిగి మందులు పంపాడట. వార్డరమ్మ తన నివేదికలో 'మహిళలు సంప్రదాయబద్ధంగా మసలుకుంటున్నారు' అని రాసింది. నల్లమాడ పిల్ల ఊరి బడిలోనే ఉంది. వాగుడు భరించలేక అయ్యవారు ఇప్పుడు ఆమెను ముందు బెంచీలో కూర్చోబెట్టాడని అమ్మమ్మ చెప్పింది.

కంపెనీ నన్ను రెండు అడిగింది. ఒకటి, తర్వాతి వెర్షన్‌లో కొంగు కప్పిన తలను కూడా మనిషిగా గుర్తించేలా చేయగలవా అని. చేయడం కష్టమేమీ కాదు. చేయనన్నాను. ఆ నెలాఖరులోనే నా పదవీ విరమణ. రెండోది, ప్రారంభోత్సవం నాటి ఆఖరి కాల్‌లో నిబంధన ఉల్లంఘన ఏమైనా జరిగిందా, యంత్రం నమోదు చూసి రాతపూర్వకంగా తెలియజేయమని కమిటీ అడుగుతోందని. చూశాను. యంత్రం ఏమి నమోదు చేసిందో అదే రాసి పంపాను.

కాల్‌లో పాల్గొన్న ఖైదీల సంఖ్య: ఒకటి.